ఆకులు రాలే నెలల్లో ఆరు శ్వాసల లెక్క

మా అమ్మాయికి ఆరేళ్లు. పరుగు పందెంలో ఎప్పుడూ ముందుండే పిల్ల. అందుకే డాక్టరు 'ఉబ్బసం' అన్న రోజు ముందుగా నొచ్చుకుంది నా గర్వమే. అంతకుముందు ఆరు నెలలుగా గుర్తులు కళ్లముందే ఉన్నాయి: రాత్రి రెండు మూడింటికి లేపి తెల్లారేసరికి సర్దుకునే దగ్గు, పగలబడి నవ్వితే ఆగని దగ్గు, జలుబు చేస్తే అందరికీ వారంలో తగ్గేది తనకు మూడు వారాలు సాగడం. వాటికి దగ్గు సిరప్‌లు పోశాం. ఏ సిరప్పూ పనిచేయలేదు. జబ్బు గొంతులో కాదు, ఊపిరి గొట్టాల్లో ఉంది మరి.

'ఇన్‌హేలర్ అలవాటైపోతుందేమో, సిరప్ ఇవ్వండి' అని అడిగాను. డాక్టరు లెక్క చెప్పారు. ఆయాసానికి ఇచ్చే సాల్‌బుటమాల్ సిరప్ 5 మి.లీ.లో మందు 2 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అంటే ఒక చెంచా సిరప్ 20 పఫ్‌లతో సమానం. అదీ కడుపులోంచి రక్తంలోకి, అక్కడినుంచి ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడదడలాడించి, చివరికి ఊపిరితిత్తులకు చేరుతుంది. పఫ్ నేరుగా వెళ్తుంది, నిమిషాల్లో పనిచేస్తుంది. నేను తక్కువ మందు అనుకుని అడిగింది నిజానికి ఎక్కువ మందు.

ఇంటికి రెండు ఇన్‌హేలర్లు వచ్చాయి. ఒకటి సాల్‌బుటమాల్: బిగుసుకున్న గొట్టాలను అప్పటికప్పుడు వదులు చేస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. రెండోది స్టెరాయిడ్: గొట్టాల లోపలి వాపును తగ్గిస్తుంది, పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది, ఆయాసం వచ్చాక కొడితే ఆ రాత్రికి ఉపయోగం లేదు. రంగులు కంపెనీకో రకంగా ఉంటాయి కాబట్టి వాటిని నమ్ముకోకుండా స్టెరాయిడ్‌కు 'రోజూ', సాల్‌బుటమాల్‌కు 'ఆయాసానికి' అని టేపు అంటించాం. ఇంట్లో ఎవరు ఇచ్చినా, నిద్రమత్తులో ఇచ్చినా తప్పు జరగకూడదు.

ఈ 'రోజూ' డబ్బా దగ్గరే మేం బోల్తాపడ్డాం. సెలవుల్లో పిల్ల హుషారుగా ఉంది, దగ్గు లేదు. ఒక పూట మరిచాం, తర్వాత రెండు పూటలు, తర్వాత ఐదు వారాలు. మందు వల్ల బాగుందన్న సంగతి మరిచి, బాగుంది కాబట్టి మందెందుకు అనుకున్నాం. ఆకులు రాలడం మొదలయ్యే రోజుల్లో బడి తెరిచారు. పిల్లలంతా ఒకచోట చేరాక జలుబు వైరస్ చేతులు మారడానికి రెండు మూడు వారాలు చాలు. ఉబ్బసం ఉన్న పిల్లలు ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చేది సరిగ్గా అప్పుడే. దానికి తోడు తడి ఆకుల కుప్పల్లో పెరిగే బూజు, చలికి కిటికీలు మూసేయడం, ఏడాదంతా అలమారలో ఉన్న దుప్పట్లు దులపకుండా తీసి కప్పడం. వీటిలో ఏ ఒక్కటో వస్తే పిల్ల తట్టుకునేదేమో. అన్నీ ఒకే నెలలో వస్తాయి, రక్షణగా ఉండాల్సిన స్టెరాయిడ్ ఏమో డబ్బాలోనే ఉండిపోయింది.

మూడో వారం జలుబు పట్టింది. రెండో రాత్రికి పడుకోలేక కూర్చుంది, చేతులు మోకాళ్ల మీద ఆనించి. చొక్కా పైకెత్తి చూశాను. ఊపిరి చూడాలంటే చొక్కా తీయాల్సిందే, పైనుంచి తెలియదు. డొక్కలు ఎగరేస్తోంది, గొంతు కింద గుంట ప్రతి శ్వాసకూ లోపలికి పోతోంది. గడియారం పెట్టుకుని నిండా 60 సెకన్లు లెక్కపెట్టాను: 38. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పిల్లల్లో తప్పుతుంది, వాళ్ల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు. ఐదేళ్లు దాటిన పిల్ల నిమిషానికి 30 దాటిందంటే, వాక్యం పూర్తిచేయలేక 'నాన్నా... నీళ్లు...' అని ముక్కలుగా మాట్లాడుతుందంటే, అది ఇంట్లో తెల్లారేదాకా చూసే ఆయాసం కాదు. పిల్లికూతలు వినబడటం లేదని ఊరట పడకూడదన్నదీ ఆ రాత్రి తర్వాతే తెలిసింది. గాలి బొత్తిగా ఆడనప్పుడు కూత కూడా ఆగిపోతుంది. పెదాలు నీలం తిరిగినా, పిల్ల మత్తుగా సోలిపోయినా ఇక లెక్కలు చూస్తూ కూర్చోవద్దు, అంబులెన్సే.

డాక్టరు ముందే రాసిచ్చిన కాగితం ప్రకారం 'ఆయాసానికి' డబ్బా నుంచి ఒక్కో పఫ్, మధ్యలో 30 సెకన్ల నుంచి నిమిషం ఆగుతూ, పది దాకా ఇచ్చాం. కాస్త తేలికపడి గంట తిరక్కుండానే మళ్లీ మొదలైంది. ఒకసారి ఇచ్చిన ఉపశమనం నాలుగు గంటలు నిలవకపోతే బయల్దేరమని కాగితంలోనే ఉంది. బయల్దేరాం. ఆవిరి పట్టమని పెద్దవాళ్లెవరో ఫోనులో చెప్పారు. ఉబ్బసానికి ఆవిరి చేసే మేలు ఏమీ లేదు, వేడినీళ్లు ఒలికి కాలిన పిల్లలు మాత్రం ఉంటారు.

ఆసుపత్రిలో రక్తంలో ఆక్సిజన్ 93 శాతం చూపించింది. 94కు తగ్గకూడదు కాబట్టి ముక్కు దగ్గర గొట్టం పెట్టారు. మందును సన్నని తుంపరగా పీల్పించే యంత్రం, నెబులైజర్, పెట్టండని అడిగాను. ప్రాణం మీదికి రాని స్థితిలో స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం) అంతే బాగా పనిచేస్తుందని చెప్పి, గంటసేపు ప్రతి 20 నిమిషాలకు పఫ్‌లు ఇచ్చారు. నోటితో మింగే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. 3 నుంచి 5 రోజుల కోర్సు. మహా చేదు. లోపలికి వెళ్లాక పట్టు చూపడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఎంత ముందు ఇస్తే అంత మంచిది. యాంటీబయాటిక్ ఇవ్వలేదు, వైరస్ మీద దానికి పని లేదు. పఫ్‌ల విడతల మధ్య ఎడం నాలుగు గంటలకు పెరిగాకే ఇంటికి పంపారు.

పంపే ముందు నర్సు 'ఒకసారి మీరు ఇచ్చి చూపించండి' అంది. ఏడాదిగా ఇస్తున్నవాణ్ని, ధీమాగా చూపించాను. నాలుగు తప్పులు పట్టుకుంది.

మొదటిది, డబ్బాను ఒక్కసారే ఊపి రెండు పఫ్‌లూ వెంటవెంటనే కొట్టడం. రెండు కలిపి కొడితే తుంపరలు ఒకదానికొకటి అంటుకుని స్పేసర్ గోడలకు చేరతాయి, పిల్లకు అందేది తగ్గిపోతుంది. ప్రతి పఫ్‌కు ముందు ఊపాలి, ఒక పఫ్, ఆరు మామూలు శ్వాసలు, మళ్లీ ఊపాలి. రెండోది, ముందు పఫ్ కొట్టి తర్వాత స్పేసర్ నోటికి అందించడం. మందు గాల్లో తేలేది కొన్ని సెకన్లే. ముందు నోట్లో పెట్టి, పెదాలు బిగించి, ఊపిరి మొదలయ్యాక కొట్టాలి. మూడోది, పిల్ల ముక్కుతో ఊపిరి తీస్తోంది, నేను గమనించలేదు. స్పేసర్‌లో వాల్వు శ్వాస శ్వాసకూ 'టిక్' మనాలి. టిక్ లేదంటే మందు స్పేసర్‌లోనే ఉందన్నమాట. కొన్ని స్పేసర్లు మరీ గట్టిగా లాగితే ఈల వేస్తాయి. పిల్లలకు ఆ ఈల భలే సరదా, బాగా లాగుతున్నామనుకుంటారు. ఈల రాకుండా లాగడమే పద్ధతి.

నాలుగోది కడగడం. నేను రోజూ కడిగి గుడ్డతో తళతళా తుడిచేవాణ్ని. తుడిస్తే ప్లాస్టిక్ మీద స్థిరవిద్యుత్తు పుడుతుంది, మందు గోడలకే అతుక్కుపోతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, కదిలించి, తుడవకుండా నిలబెట్టి ఆరనివ్వాలి. ఎన్నాళ్లకోసారి అన్నది దాని కాగితంలో ఉంటుంది. ఏడెనిమిది నెలల్లో వాల్వు బిగుతు పోవచ్చు, ఏడాది దాటితే మార్చేయడమే.

చిన్నపిల్లలకు మాస్కు ఉన్న స్పేసర్ వాడేవాళ్లకు ఇంకో రెండు మాటలు. మాస్కుకూ బుగ్గకూ మధ్య వేలెడంత సందున్నా మందు బయటికే పోతుంది. ఏడుస్తుంటే మందు లోపలికి వెళ్లిందనుకోవద్దు. ఏడుపు శ్వాసలో అది చాలావరకు గొంతు దాటదు. ముందు ఖాళీ మాస్కు బొమ్మకు పెట్టించి ఆడించడమే దారి.

స్టెరాయిడ్ తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లని పూత రావచ్చు. మేం పళ్లు తోముకునే బ్రష్ పక్కనే డబ్బా పెట్టాం. పఫ్, తోముడు, పుక్కిలింత, వరసగా అయిపోతాయి. మరిచే పూటలు సున్నాకు వచ్చింది అలారంతో కాదు, ఈ చోటు మార్పుతో. ఎదుగుదల తగ్గుతుందన్న భయం నాకూ ఉండేది. సగటున సుమారు 1 సెంటీమీటరు తగ్గుతుందంటారు. అదుపులో లేని ఉబ్బసం కూడా ఎదుగుదలను తింటుందని ఆ లెక్కలో వేసుకోవాలి.

ఇంకో మోసం డబ్బాది. మందు అయిపోయినా గ్యాసు మిగిలి ఉంటుంది, నొక్కితే తుంపర వస్తూనే ఉంటుంది, ఊపితే చప్పుడూ వస్తుంది. నీళ్లలో వేసి తేలుతుందా చూడటం నమ్మదగ్గ పరీక్ష కాదు. 120 పఫ్‌ల డబ్బా పొద్దున రెండు, రాత్రి రెండు వాడితే సరిగ్గా 30 రోజులు. డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ, ముగిసే తేదీ రాస్తున్నాను.

కోలుకోవడం ఒక్కరోజులో జరగలేదు. ఊపిరి ఎంత వేగంగా ఊదగలదో కొలిచే ఊదుడు మీటరులో (పీక్ ఫ్లో మీటరు) తన అత్యుత్తమం 160. అందులో 80 శాతం, అంటే 128 పైన ఉంటే నిశ్చింత. 128 నుంచి 80 దాకా జాగ్రత్త. 80కి, అంటే సగానికి, దిగితే ఆసుపత్రి. నిలబడి మూడుసార్లు ఊది అన్నిటికంటే పెద్దది రాసుకోవాలి, సగటు కాదు. ఇంటికొచ్చిన మూడోరోజు 110. పగలు బాగానే ఆడుతోంది కాబట్టి తగ్గిపోయిందనే అనుకునేవాళ్లం, అంకె ఒప్పుకోలేదు. రెండు వారాలకు 150 అయింది. రాత్రి దగ్గు పోయింది, 'ఆయాసానికి' డబ్బా వారానికి రెండుసార్లకు మించి అవసరపడలేదు. అది మించితే ఉబ్బసం అదుపులో లేనట్టే.

దుప్పట్లు, దిండు గలీబులు 60 డిగ్రీల వేడినీళ్లలో వారానికోసారి పడుతున్నాయి. ఫ్లూ టీకా వేయించాం, పట్టు రావడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి సీజను ముదరకముందే. ఆకులు ఊడ్చేటప్పుడు పిల్ల లోపలుంటుంది, తడిసి మగ్గినవైతే మరీనూ. పొడి ఆకుల్లో దూకడం మాత్రం ఆపలేదు. పరుగూ ఆపలేదు, ఆటకు పది పదిహేను నిమిషాల ముందు 'ఆయాసానికి' డబ్బా నుంచి రెండు పఫ్‌లు ఇవ్వమన్నారు. బడికి విడిగా ఒక డబ్బా, స్పేసర్, కాగితం నకలు వెళ్లాయి.

మూడు నెలలు వరసగా అదుపులో ఉంటే డోసు తగ్గించి చూద్దామన్నారు. మా మూడు నెలలు పూర్తయ్యేది జలుబుల నడిమధ్యలో, అందుకని చలి తగ్గాక అని వాయిదా వేశారు. నేనూ తొందరపెట్టలేదు. ఇప్పుడు డబ్బా ఊపేది తనే. వాల్వు టిక్కులకు వేళ్లు మడుస్తుంది. ఆరో వేలుకు చెయ్యి మారుస్తుంది. నేను మధ్యలో ఏదైనా అనబోతే కళ్లతోనే ఆగమంటుంది, లెక్క తప్పుతుందని.