ఎన్నికలయ్యాక మా రైఫిల్‌కి సేఫ్టీ పడలేదు: నా అనుభవం

నిన్ననే పని పూర్తయింది, ఆ వేడి మీదే రాస్తున్నా. రైఫిల్ మా నాన్నది, వారసుడిగా నా పేరు మీదికి మారింది. బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారైన .315 సైజుది, బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి గుండుకీ బోల్టు అనే కడ్డీని చేత్తో తెరిచి మూయాలి. 2024 ఎన్నికల కోడ్ రాగానే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను, రసీదు ఇచ్చారు. జూన్ 4న ఫలితాలు వచ్చాక వెళ్ళి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, గుండు కూర్చునే ఛాంబర్‌లో వేలు పెట్టి ఖాళీ అని చూసుకున్నాకే మిగతా పని. ఎడమ పక్కనున్న సేఫ్టీ మీటని (పొరపాటున పేలకుండా ఆపేది) వెనక్కి లాగితే సగం దాకా వచ్చి గట్టిగా ఆగిపోయింది. కాక్ చేసి, అంటే పేలడానికి సిద్ధంగా ఎక్కుపెట్టి చూసినా అంతే, చేయకుండా చూసినా అంతే. బోల్టు హ్యాండిల్ మాత్రం దర్జాగా పైకి లేస్తోంది. సేఫ్టీ పడితే అది కదలకూడదు. మీటని పట్టి ఉంచే రేకు స్ప్రింగు స్క్రూ చూస్తే, నల్లగా తుప్పెక్కిన గాడిలో కొత్త గీతలు తళతళా మెరుస్తున్నాయి. ఎవరో విప్పారు! స్టేషన్‌లో అడిగితే "మాకేం పనండీ దాంతో" అన్నారు.

రిపేరు లైసెన్సున్న షాపుకే వెళ్ళాలి కాబట్టి సిటీకి తీసుకెళ్ళాను. అక్కడ జరిగింది ఇంకా ఒళ్ళు మండిస్తోంది. కౌంటర్ దగ్గర నలుగురున్నారు. నేను స్క్రూ మీది గీతలు చూపించి, కాక్ చేసినా చేయకపోయినా ఒకే చోట ఆగుతోందని చెబుతుంటే, షాపాయన తుపాకి ముట్టకుండానే "స్ప్రింగు పోయింది" అన్నాడు. స్ప్రింగు పోతే మీట వదులవుతుంది గానీ మధ్యలో అడ్డం ఎందుకు పడుతుందని అడిగాను. దానికి నవ్వి, పక్కవాళ్ళకి వినపడేలా, "తాతల నాటి తుపాకులు తెస్తారు, పట్టుకోవడం రాదు, మళ్ళీ మనకే పాఠాలు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న తుపాకి నాకు పట్టుకోవడం రాదట! స్ప్రింగు మార్చి, డబ్బు తీసుకుని, మీట ఇంకా సగంలోనే ఆగుతోందని చూపిస్తే, "గుండు వేయకుండా పెట్టుకోండి, సేఫ్టీ ఎందుకు?" అన్నాడు. ఆయుధాలు అమ్ముకునే మనిషి మాట అది.

హైదరాబాద్‌లో మంచి మెకానిక్‌లున్నారని అందరూ చెప్పారు. కానీ నా లైసెన్సు మీద ఆంధ్రప్రదేశ్ వరకే అని ఉంది. లైసెన్సు ఆఫీసులో పర్మిషన్ అడిగితే, పాడైందని పోలీసు ఆర్మరర్‌తో (ఆయుధాలు చూసే మెకానిక్) కాగితం రాయించుకు రమ్మన్నారు.

అదే కలిసొచ్చింది. ఆ ఆర్మరర్ ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల్లో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ హెడ్ కానిస్టేబుల్, చూడగానే "త్రీ నాట్ త్రీకి తమ్ముడే కదయ్యా ఇది" అన్నారు, పోలీసుల పాత .303 రైఫిల్‌ని తలుచుకుని. బోల్టు తీసి, స్క్రూ విప్పి, మీటని బయటికి లాగారు. మీట కాడకి మరలుంటాయి. వాటి మీద ఒక చిన్న ముక్క ఎక్కుతుంది, మీట తిప్పినప్పుడు అది జరిగి బోల్టు తిరక్కుండా అడ్డం పడుతుంది. కాడ మీదున్న అర్ధచంద్రం లాంటి చెక్కుడు, బోల్టు వెనకుండే కాకింగ్ పీస్ (కాక్ చేసినప్పుడు వెనక్కి వచ్చి నిలిచే ముక్క) గాడిలో కూర్చుంటుంది. ఆ మరలకి మొదళ్ళు, అంటే ముక్క ఎక్కడం మొదలయ్యే చోట్లు, ఒకటి కాదు, చాలా ఉంటాయి. ఏ మొదలు పట్టుకున్నా ముక్క ఎక్కేస్తుంది, ఒక్కదాంతో మాత్రమే సరిగ్గా జరుగుతుంది. "విప్పినోడు ఎటుబడితే అటు ఎక్కించాడు" అని విప్పి, ఇంకో మొదలుకి ఎక్కించారు. కుదరలేదు. మళ్ళీ మార్చారు. ఈసారి మీట టక్కున వెనక్కి పోయింది.

తర్వాత ఖాళీ తుపాకినే కాక్ చేసి, సేఫ్టీ వేసి, హ్యాండిల్ లేపి చూశారు. లేవలేదు. ట్రిగ్గర్ నొక్కి వదిలి, వేలు పక్కకి తీసి, సేఫ్టీని ముందుకు తోశారు. కాకింగ్ పీస్ కదల్లేదు, అంటే సేఫ్టీ సరిగ్గా పట్టినట్టే. మీ తుపాకి ఎవరి దగ్గర బాగు చేయించినా ఈ ఆఖరి పరీక్ష మీ కళ్ళ ముందే చేయించండి. ఈసారి కోడ్ వస్తే నేను స్టేషన్‌కి పోను. లైసెన్సున్న డీలర్ దగ్గర డిపాజిట్ చేయడానికీ చట్టంలో వీలుంది, అద్దె తీసుకుంటే తీసుకోనీ. ఆ షాపులో మాత్రం చస్తే పెట్టను.

పాడైందని రాయాల్సిన కాగితం మీద ఆయన "పరీక్షించితిమి, సవ్యంగా పనిచేయుచున్నది" అని రాసి సంతకం పెట్టారు. రేపు దాని జిరాక్స్ పట్టుకుని షాపుకి వెళ్తున్నా. మా పాత స్ప్రింగు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది.