ఆ పదేళ్ల సంగతి మాకెవరూ చెప్పలేదు

2018లో కాలిఫోర్నియాలో నాకు మొదటిసారి జ్యూరీ డ్యూటీ పడింది, అంటే మామూలు పౌరులే కోర్టులో కూర్చుని నిందితుడు దోషో కాదో తేల్చే పని. రెండు రోజుల్లో అయిపోతుందిలే అనుకుంటే తగిలింది దోపిడీ కేసు. పందొమ్మిదేళ్ల అబ్బాయి, ఇంకొకడితో కలిసి ఒకతన్ని గోడకి నెట్టి ఫోనూ పర్సూ లాక్కున్నాడు. వీడియో ఉంది, దెబ్బలు తిన్నతను కూడా వచ్చి సాక్ష్యం చెప్పాడు, కాబట్టి అక్కడ నాకే అనుమానమూ లేదు. కానీ విచారణలో సగానికి పైగా నడిచింది ఆ దోపిడీ గురించి కాదు, అతను గ్యాంగ్ మనిషా కాదా అన్నదాని గురించి.

గ్యాంగుల విషయంలో నిపుణుడిగా ఒక పోలీసాయన వచ్చి తెర మీద ఫోటోలు చూపించాడు. అందులో ఒకటి నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఎవరిదో పుట్టినరోజు, కేకు వెనక ఐదుగురు కుర్రాళ్లు, మధ్యలో ఉన్నవాడు వేళ్లు ఒక రకంగా మడిచి చూపిస్తున్నాడు, మన అబ్బాయేమో ఓ చివర పేపర్ ప్లేటు పట్టుకుని ఎటో చూస్తున్నాడు. ఆ వేళ్ల గుర్తుకి అర్థమేంటో పోలీసాయన వివరించాడు. ఆ తర్వాత అదే గ్యాంగులోని వేరేవాళ్లు ఎప్పుడో చేసిన కాల్పుల గురించి చెప్పాడు. వాటితో ఈ అబ్బాయికి సంబంధం ఉందని ఎవరూ అనలేదు, అయినా వింటున్నకొద్దీ అతన్ని చూస్తే నాకు భయం పట్టుకుంది. ఆ భయంతోనే నేను ఆలోచించాను, అది ఒప్పుకోవాలి.

దోపిడీ చేశాడన్నది, అది గ్యాంగ్ కోసం చేశాడన్నది, రెండు ఆరోపణలూ రుజువయ్యాయని తేల్చాం. మా తీర్పు ఇదేనా అని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగితే నేనూ అవునన్నాను.

శిక్ష గురించి ఆలోచించొద్దని జ్యూరీకి ముందే చెప్తారు కాబట్టి ఆ గ్యాంగ్ ఆరోపణకి ఎన్నేళ్ల బరువుందో మాకప్పుడు తెలీదు. తర్వాత తెలుసుకున్నాను. అక్కడ ఇలాంటి దోపిడీకి రెండు, మూడు లేదా ఐదేళ్లు. 1988లో తెచ్చిన గ్యాంగుల చట్టాన్ని 2000లో 21వ ప్రతిపాదనగా ఓటర్ల ముందు పెట్టి ఇంకా బిగించారు, దాంతో హింసాత్మక నేరం గ్యాంగ్ కోసం చేశాడని తేలితే పైన ఇంకో పదేళ్లు. ఈ అబ్బాయికి మూడేళ్లు పడాల్సింది పదమూడయ్యాయి. చేసిన పనికి మూడు, తిరిగిన స్నేహాలకి పది.

గ్యాంగుల వల్ల పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల కోపం నాకు అర్థం కాక కాదు. జార్జియా రాష్ట్రం 2023లో తెచ్చిన చట్టంలో పదిహేడేళ్లలోపు పిల్లల్ని గ్యాంగులో చేర్చుకున్నవాళ్లకి కనీసం పదేళ్లు పెట్టారు, అది నాకు న్యాయంగానే అనిపించింది, ఎందుకంటే అక్కడ శిక్ష పడేది మనిషి చేసిన పనికి. కానీ అదే చట్టం మిగతా గ్యాంగ్ నేరాలకి కూడా కనీసం ఐదేళ్లని ముందే గీత గీసేసింది. కొన్ని మినహాయింపులు తప్ప జడ్జి ఎదురుగా ఉన్న మనిషిని చూసి తగ్గించే వీలు ఉండదు.

పైగా గ్యాంగ్ మనిషి అని ముద్ర వేసేది ఎలా? కాలిఫోర్నియా పోలీసులు వాడే క్యాల్‌గ్యాంగ్ అనే డేటాబేస్‌ని 2016లో రాష్ట్ర ఆడిటర్ తనిఖీ చేస్తే, చేర్చే నాటికి ఏడాది కూడా నిండనట్టు నమోదైనవాళ్లు 42 మంది బయటపడ్డారు. అందులో 28 మంది తాము గ్యాంగ్ సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నారని రాసుంది! అలాంటి రికార్డుల మీద నడిచే వ్యవస్థకి పదేళ్ల శిక్ష అప్పజెప్పేముందు ఎంత జాగ్రత్త కావాలి?

కొత్తగా ఏ రాష్ట్రంలో బిల్లు వచ్చినా ఏళ్లు పెంచడం గురించే మాట్లాడతారు. పట్టుబడతామన్న భయం ఆపినంతగా శిక్ష పొడవు నేరాన్ని ఆపదని నేరశాస్త్రం చదివినవాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నారు, పందొమ్మిదేళ్ల వయసులో మూడుకీ పదమూడుకీ తేడా లెక్కేసుకుని ఎవడూ ఫోను లాక్కోడు.

2021లో కాలిఫోర్నియా తన చట్టాన్ని సవరించింది. ఇప్పుడు డిఫెన్స్ లాయర్ అడిగితే ముందు నేరం వరకే విచారించాలి, దోషి అని తేలాకే గ్యాంగ్ సంగతి జ్యూరీ ముందుకి రావాలి. ఆ నేరంతో గ్యాంగుకి పేరొస్తుందని చెప్తే సరిపోదు, అంతకుమించి లాభం ఉందని చూపించాలి. 2022 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది, అందులో లాభం చూపించాలన్న భాగం అప్పటికి అప్పీళ్లలో ఉన్న కేసులకీ వర్తించింది. ఈ అబ్బాయి కేసు అప్పటికే ముగిసిపోయింది.