బుగులు

మా ఊరు నార్కట్‌పల్లి దగ్గర, హైదరాబాద్-విజయవాడ హైవే పక్కనే. 2021 ఏప్రిల్, మే నెలల్లో, కరోనా కాలంలో, రాత్రంతా అంబులెన్సులే. హైదరాబాద్ దిక్కు పోయేటివి సైరన్ మోగించుకుంట పోయేవి. తిరిగి వచ్చేటివి కొన్ని చప్పుడు లేకుండా వచ్చేవి. అవన్నీ శవాలతో రావని తెలుసు. అయినా చప్పుడు లేని బండి లైటు గోడ మీద పడితే చాలు, పిల్లల మీద దుప్పటి గుంజి కప్పేదాన్ని.

నేను ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. 2020 మార్చిలో బడి మూతపడ్డాక జీతం ఆగింది. జాకెట్లు కుట్టిన. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం మాలాంటి టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తమన్నది. ఆ బియ్యం తెచ్చుకున్న వారంలోనే మా ఆయనకూ నాకూ పాజిటివ్ వచ్చింది. పద్నాలుగు రోజులు మేడ మీది గదిలో ఉన్నం. మెట్ల మీద అన్నం పెట్టి అత్తమ్మ కింది నుంచి పిలిచేది. మా ఇద్దరికీ తగ్గింది.

అత్తమ్మ తమ్ముడికి తగ్గలేదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నడు. మే 12 నుంచి లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పది దాకే సడలింపు. ఎవరమూ పోలేకపోయినం. చివరి చూపు ఫోన్‌లో. అత్తమ్మ ఆ ఫోన్ పట్టుకొని స్క్రీన్ మీద బొటనవేలితో ఆయన నుదురు తుడిచింది. తర్వాత ఆయన గురించి మాట్లాడలేదు. నేను కూడా అడగలేదు.

నా జబ్బు ఇవన్నీ అయిపోయినంక మొదలైంది. జూన్‌లో ఒక రాత్రి రెండు గంటలకు లేచిన. గుండె దడ, గొంతు ఎవరో పిసికినట్టు, చేతులు తిమ్మిరి. మళ్లీ కరోనా వచ్చింది, పొద్దుటిదాక ఉండను అనుకున్న. ఆక్సీమీటర్ పెట్టుకుంటే ఆక్సిజన్ 92 చూపించింది. డాక్టర్లు 94 కంటే తగ్గితే చూడాలన్న మాట మనసులో మేకు లెక్క దిగి ఉంది. ఇంక ఆగలేదు, మా ఆయనను లేపి బండి మీద దవాఖానకు పోయినం. అక్కడ పెట్టి చూస్తే 98.

ఆ నెలలో మూడు సార్లు అట్లనే పోయినం. ఈసీజీ తీసిండ్రు, స్కానింగ్ తీసిండ్రు. ఒక ప్రైవేటు డాక్టర్ నా మొహం చూడకుండానే "ఏం లేదమ్మా, గ్యాసు" అని గోలీలు రాసిండు. ఏం లేదు అన్న మాట నన్ను చాలా దెబ్బ తీసింది. ఏం లేకపోతే నేను ఎందుకు చస్తున్న? రోజుకు ముప్పై, నలభై సార్లు వేలికి ఆక్సీమీటర్ పెట్టుకునేదాన్ని. బియ్యం కడుగుతూ ఆగి, తుడుచుకొని పెట్టుకునేదాన్ని.

లాక్‌డౌన్ ఎత్తేసినంక అత్తమ్మ నన్ను చెర్వుగట్టుకు తీసుకపోయింది. మా దిక్కు పానం బాగలేనోళ్లు, గాలి సోకిందనుకునేటోళ్లు అమాసనాడు జడల రామలింగేశ్వరుని గుట్ట మీద నిద్ర చేస్తరు. మూడు అమాసలు పండుకున్నం. నేను ఆ నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఆ బండ మీద నా పక్కన ఒక మనిషి మెలకువతో కూర్చున్నది, అది నాకు ధైర్యం. కానీ ఇంటికి వచ్చినంక రాత్రి రెండింటికి ఆ భయం, మా మాటల్ల బుగులు, మళ్లీ వచ్చేది. లేచి వాకిట్లోకి పోతే అత్తమ్మ అప్పటికే అరుగు మీద కూర్చొని ఉండేది. "ఏమైంది బిడ్డా?" అనేది. నాకోసమే కావలి కాస్తున్నదనుకున్న.

సెప్టెంబర్ 1న బడి తెరిచిండ్రు. మాస్కు పెట్టుకొని బోర్డు మీద భిన్నాలు రాస్తుంటే ఊపిరి ఆడలేదు. చాక్‌పీస్ వదిలేసి కింద కూర్చున్న. ఏడో తరగతి పిల్ల ఒకతి పరుగెత్తుకొచ్చి తన నీళ్ల సీసా నా నోటికి పెట్టింది. ఆ పిల్ల కళ్లల్లో భయం చూసినంక, ఇది దాచి బతికేది కాదని అర్థమైంది.

మా ఆశా కార్యకర్త నల్లగొండ పెద్ద దవాఖానకు పొమ్మన్నది, మానసిక డాక్టర్ దగ్గరికి. మా దగ్గర, హైదరాబాద్‌లో మానసిక దవాఖాన ఉన్న ఎర్రగడ్డ పేరునే తిట్టు లెక్క వాడుతరు. బడిలో తెలిస్తే పిల్లల తల్లిదండ్రులు ఏమంటరు అని మూడు వారాలు పోలేదు. పోయిననాడు లైన్లో నాలాంటోళ్లు ఎందరో. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి, షాపు మూసేసిన ఒకాయన, సెల్‌ఫోన్ వదలని ఇంటర్ పిల్లగాడు. మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగినయని, ఆడవాళ్లకు, వయసు పిల్లలకు దెబ్బ ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత చెప్పింది. నాకు ఆ లెక్క ఆ బెంచీ మీద కనబడ్డది.

డాక్టరమ్మ "ఎట్లుంటది?" అని అడిగింది. "బుగులు మేడం" అన్న. ఇంకో మాట రాలేదు. ఆమె తల ఊపింది. "గుండెకు ఏం కాలేదు. కానీ జబ్బు లేదని నేను అనను. దీన్ని పానిక్ అటాక్ అంటరు. పది నిమిషాల్లో కొసకు పోతది, తర్వాత దానంతటదే దిగుతది. ప్రాణం తీయదు." ఆక్సీమీటర్ సంగతి కూడా ఆమెనే చెప్పింది. భయపడితే చేతులు చల్లబడతాయి, చల్లటి వేలికి రక్తం తక్కువ పారుతది, మిషన్ తప్పు లెక్క చూపిస్తది, అది చూసి ఇంకా భయపడతం. లెక్కల టీచర్ని, తప్పుడు అంకెను నమ్ముకొని నాలుగు నెలలు బతికిన.

గోలీలు రాసింది. పని చేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతది, మొదట్లో వికారం, గాబరా కొంచెం ఎక్కువైనట్టు ఉంటది, మధ్యలో మాత్రం ఆపొద్దు అన్నది. నిజంగనే మొదటి వారం నరకం. మా ఆయన ఆక్సీమీటర్ తీసి బీరువాలో పెట్టిండు. పెట్టి చూసుకునేది రోజుకు పది సార్లకు తగ్గింది, తర్వాత ఐదు, తర్వాత పొద్దున ఒక్కసారి. బుగులు వచ్చినప్పుడు పరుగెత్తకుండా కూర్చొని ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలడం నేర్చుకున్న. ఐదో వారంలో ఒకనాడు లేచేసరికి తెల్లారింది. రాత్రి రెండు గంటలు ఎప్పుడు దాటినయో తెలియలేదు. వంటింట్లో నిలబడి ఏడ్చిన.

గోలీలు ఏడాది పైన వాడి, డాక్టరమ్మ చెప్పినట్టే కొద్దికొద్దిగా తగ్గించి ఆపిన. 2022 అక్టోబర్‌లో, మనసు బాగలేనోళ్లు ఫోన్ చేసి మాట్లాడేందుకు టెలి మానస్ అని 14416 నంబరు వచ్చింది, తెలుగులోనే మాట్లాడతరు. గోడ మీద గ్యాస్ నంబరు పక్కన రాసి పెట్టిన. ఆ జూన్ రాత్రుల్లో ఉండి ఉంటే అని ఇప్పటికీ అనుకుంట.

నాకు నిద్ర కుదిరినంక చాన్నాళ్లకు ఒక రాత్రి దాహమై లేచిన. అరుగు మీద అత్తమ్మ కూర్చొని ఉంది.

"నేను బాగున్న కదా అత్తమ్మా, ఇంకా ఎందుకు కూర్చున్నవ్?" అన్న.

హైవే మీద బండ్లు పోతున్నయి. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"నీకోసం కాదు బిడ్డా. తమ్ముడు పోయినకాడి నుంచి నాకు నిద్ర పడతలేదు. కండ్లు మూస్తే ఫోన్ల వాని మొహమే. నీకు బుగులైతాందని చెప్పినవ్ గని, నేనెవరికి చెప్పాలె?"

పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్న. వేళ్లు చల్లగా ఉన్నయి.

మరునాడు బడికి సెలవు పెట్టిన. నల్లగొండ బస్సులో కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టి, ఓపీ చీటీ మీద ఈసారి ఆమె పేరు రాయించిన.