హీలా కణాలు, ట్రైఫ్లూరిడిన్, నా పరువు

నిన్న ల్యాబులో క్యాన్సర్ కణాల ప్లేటు రీడింగ్ సరిగ్గా వచ్చింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు, అందుకే రాసేస్తున్నా.

ట్రైఫ్లూరిడిన్ అసలు హెర్పిస్ వైరస్‌కు వేసే కంటి చుక్కల మందు. డీఎన్ఏకు ఇటుకలాంటి థైమిడిన్‌లా వేషం వేసుకుని అందులో దూరుతుంది. 2015లో టిపిరాసిల్‌తో కలిపి పెద్దపేగు క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి ఇచ్చారు. దాన్నే కాస్త మార్చి మా కెమిస్ట్రీవాళ్లు కొన్ని అణువులు చేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల మీద వాటిని పరీక్షించడం నా పని. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌లో 18వ రకం ఉన్న హీలా కణాలు, 16వ రకం ఉన్న సిహా కణాలు తీసుకున్నాను. కణాల కల్చర్, మందు డైల్యూషన్లు, ఎంటీటీ (బతికున్న కణాలను ఊదా రంగుతో చూపే పరీక్ష) అంతా చేత్తో చేస్తే వచ్చేసే పనే.

తీరా చూస్తే హీలా ప్లేటంతా ఊదా రంగే. అంటే ఏ కణమూ చావలేదు. మార్చిన అణువుల సంగతి సరే, కంట్రోల్‌గా పెట్టిన అసలు ట్రైఫ్లూరిడిన్ కూడా పనిచేయలేదు! ల్యాబ్ మీటింగ్‌లో సార్ అందరి ముందూ, "ముందు పిపెట్ పట్టుకోవడం నేర్చుకోమ్మా" అన్నారు. సీనియర్ ఒకాయన నవ్వాడు. కొత్త స్టాక్ కలిపి మళ్లీ వేశాను, మళ్లీ అదే ఊదా. డేటా ఇలాగే ఉంటే ప్రాజెక్టు ఇంకొకరికి ఇస్తానన్నారు.

నా చెయ్యి అంత పాడైతే, అదే ప్లేట్లో సిస్‌ప్లాటిన్ అనే ఇంకో క్యాన్సర్ మందు వేసిన గుంటల్లో కణాలు ఎలా చచ్చాయి? ఈ ప్రశ్న అడిగింది నేనే, గొప్ప అనుకున్నా సరే. డీఎన్ఏను నీలంగా చూపే హోక్స్ట్ రంగు వేసి చూస్తే కేంద్రకం చుట్టూ రవ్వ చల్లినట్టు నీలి చుక్కలు. మైకోప్లాస్మా, అంటే కల్చర్లలో దొంగచాటుగా చేరే చిన్న బ్యాక్టీరియా! పీసీఆర్‌లోనూ అదే తేలింది. దాని థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ ఎంజైము నా మందును ముక్కలు చేసేస్తోంది. మనిషి ఒంట్లో అదే రకం ఎంజైమును ఆపడానికే టిపిరాసిల్ కలుపుతారు.

నేను వాడిన హీలా ఫ్లాస్కు పక్క ల్యాబుది. "పుణె నుంచి తెప్పించడం దండగ" అని తెచ్చింది ఆ నవ్విన సీనియరే. కణాలు పెంచే ద్రవంలో (మీడియా) పెన్సిలిన్ ఉందిగా అని ధీమా పడకండి. అది దెబ్బకొట్టేది బ్యాక్టీరియా కణగోడను, మైకోప్లాస్మాకు ఆ గోడే లేదు. అది చేరినా మీడియా మబ్బుగా కూడా మారదు. పుణెలోని కణాల బ్యాంకు ఎన్‌సీసీఎస్ నుంచి కొత్త వయల్ తెప్పించండి, ఫైలు కదలకపోతే అకౌంట్స్ సెక్షన్ ముందు కూర్చోండి, నేనలాగే కూర్చున్నా.

కొత్త హీలాలో ట్రైఫ్లూరిడిన్ చంపాల్సినట్టే చంపింది. మార్చిన వాటిలో ఒక్కటే దానికి దీటుగా నిలిచింది, ఇక మామూలు కణాల మీద చూడాలి. పీసీఆర్ రిపోర్టు పక్క ల్యాబుకు ఇస్తే, "మా దగ్గర బాగానే పెరుగుతున్నాయి" అని డ్రాయర్లో పడేశారు.