6-3 అని రాసేసే ముందు
బెంగళూరులో డేటా పనిచేసే మనవాళ్లకు ఏ జడ్జి ఎవరితో కలిసి ఓటేస్తారో లెక్కించాలంటే అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల ఓట్లు మంచి సరుకు. మామూలుగా 9 మంది జడ్జీలూ కలిసే కూర్చుంటారు. ఎక్సెల్‌లో కేసుకో వరుస, జడ్జికో కాలమ్ పెట్టండి; అనుకూల ఓటుకు ఒకటి, వ్యతిరేక ఓటుకు సున్నా. ఆ కేసు నుంచి తప్పుకున్న జడ్జికి ఖాళీ వదలాలి, సున్నా వేస్తే వ్యతిరేక ఓటైపోతుంది! ఏకగ్రీవ తీర్పులు ఎవరినీ విడదీయవు, పక్కన పెట్టండి.

2022 నాటి డాబ్స్ కేసే చూడండి. గర్భస్రావాన్ని కట్టడి చేసే మిసిసిపి రాష్ట్ర చట్టం చెల్లుతుందన్నది 6-3. గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన పాత రో తీర్పును కొట్టేయడానికి ఒప్పుకున్నది మాత్రం ఐదుగురే, అక్కడి ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ అంతదూరం రాలేదు. అందుకే ఫలితానికో కాలమ్, కారణానికో కాలమ్.

ఇదే కొలబద్ద మన సుప్రీంకోర్టుకు పెడితే బెడిసికొడుతుంది. ఎక్కువ కేసులు ఇద్దరు ముగ్గురి బెంచీలవే, భిన్నాభిప్రాయం అరుదు. ఏ కేసు ఎవరికన్నది ప్రధాన న్యాయమూర్తి చేతిలో ఉంటుంది. నన్నడిగితే, ఇక్కడ ఓట్లకన్నా ముందు ఆ కేటాయింపు జాబితా, అంటే రోస్టర్ చూడాలి.