సైటు తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంది?

మార్కాపురం, యర్రగొండపాలెం వైపు సెల్ టవర్ సైట్ల మెయింటెనెన్స్ చూస్తాను. చేల మధ్య, గుట్టల పక్కన ఉండేవే ఎక్కువ. వాచ్‌మన్ ఉండడు. చుట్టూ కంచె, సామాను, బ్యాటరీలు ఉండే క్యాబినెట్‌కో తాళం, అంతే.

దొంగ అనగానే అందరూ తాళం పగలగొట్టేవాణ్ణే ఊహిస్తారు. మాకు అసలు బాధ, తాళంచెవితో దర్జాగా తెరుచుకుని పోయేవాడితో. ఒకే టవర్ మీద రెండు మూడు కంపెనీల సామాను ఉంటుంది. వాళ్ల టెక్నీషియన్లు, జనరేటర్‌కి డీజిల్ పోసేవాళ్లు, బ్యాటరీ కాంట్రాక్టరు మనుషులు, అందరికీ చెవి కావాలి. ఏరియా అంతా ఒకే రకం తాళం వేస్తే, బజార్లో చేయించిన ఒక్క డూప్లికేట్‌తో అన్ని సైట్లూ తెరుచుకుంటాయి. పని మానేసినవాడి దగ్గరా అది ఉండిపోతుంది. డీజిల్ తగ్గినా, బ్యాటరీలు పోయినా నింద మాత్రం ఆ సైటు చూసే కుర్రాడి మీదే. జీతంలో కోత పడినవాళ్లను చూశాను. తను తీయలేదని చూపించడానికి వాడి దగ్గర ఏముంటుంది?

ఎలక్ట్రానిక్ తాళాలు కావాలని నేను పట్టుబట్టేది అందుకే. వీటిలో ఒక రకానికి తాళంలో బ్యాటరీ ఉండదు, చెవిలోనే ఉంటుంది. ఎండకీ వానకీ బయట వేలాడే తాళానికి అదే మేలు. ఏ సైటు, ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా అన్నది చెవిలోకి ఎక్కించి ఇస్తారు. ఎవరి చెవి ఎప్పుడు పెట్టారో రికార్డవుతుంది. చెవి పోయినా గడువు దాటాక అది దేనికీ పనికిరాదు. కోడ్ నొక్కే రకాలూ ఉన్నాయి. తాళమూ సర్వరూ ఒకే రహస్య సంఖ్యతో, టైముతో ఎవరికి వారు కోడ్ లెక్కగడతాయి కాబట్టి సైటు డౌన్ అయి సిగ్నల్ లేకపోయినా తెరుచుకుంటుంది. బయల్దేరే ముందే కోడ్ తీసుకోవాలి, అంతే.

తలుపుకి అయస్కాంతం స్విచ్ పెట్టి ‘డోర్ ఓపెన్’ అలారం పంపడం పాత పద్ధతే. కానీ పనికి వెళ్లిన ప్రతివాడికీ అది మోగుతుంటే కంట్రోల్ రూమ్‌లో ఎవరు పట్టించుకుంటారు? తాళం అనుమతులతో దాన్ని కలపాలి. అనుమతి లేకుండా తలుపు తెరుచుకుంటే అప్పుడు గట్టిగా మోగాలి.

ఇంకోటి కూడా చూడాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీలు ఊడబీకితే కంట్రోల్ రూమ్‌కి ‘సైట్ డౌన్’ అని మాత్రమే కనిపిస్తుంది. మామూలు పవర్ కట్ అనుకుంటారు. లెడ్ బ్యాటరీలైతే ఆ బరువుకి బండి కావాలి. లిథియం ప్యాకులైతే ఇద్దరు మనుషులు చాలు. అందుకని, సైటు బ్యాటరీలు పోయినా పనిచేసేలా, డోర్ అలారం పంపే పెట్టెకి సొంత బ్యాటరీ ఉండాలి. దాంట్లో సిమ్ పక్క టవర్ నుంచి సిగ్నల్ అందే కంపెనీది వేయాలి. అదే టవర్ సిమ్ వేస్తే, టవర్‌తో పాటే అలారమూ ఆగిపోతుంది.

తాళం రికార్డు మేనేజర్ల దగ్గరే ఉంచుకోకుండా, టెక్నీషియన్ ఫోన్‌లో కూడా కనిపించేలా ఇవ్వాలి. ఎప్పుడు వచ్చాడో, ఎప్పుడు మూశాడో, తన తరవాత ఎవరు తెరిచారో వాడికీ తెలియాలి.