ఎల్5 దగ్గర పగులు: జిమ్నాస్టిక్స్‌లో నా అనుభవం

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా నడుములో ఎడమ పక్క నొప్పి మొదలైంది. ఒక్క వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోటు. ముందుకి వంగితే ఏమీ ఉండేది కాదు, వెనక్కి వంగితే మాత్రం కలుక్కుమనేది. బ్యాక్ వాక్‌ఓవర్‌లో వెనక్కి వంగి చేతులు నేలకి ఆని, ఒక కాలు పైకి లేచేటప్పుడు మరీ ఎక్కువ. ఇంటికొచ్చి కాసేపు పడుకుంటే తగ్గిపోయేది. అందుకే ఎవరికీ అది దెబ్బలా అనిపించలేదు.

అప్పట్లో హైదరాబాద్‌లో ఆదివారం తప్ప రోజూ ప్రాక్టీసు. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో, పరుగెత్తి బల్ల మీదుగా గెంతే వాల్ట్‌లో కాంస్యం తెచ్చిన బుద్దా అరుణా రెడ్డి మన ఊరి అమ్మాయే కదా, మా బ్యాచ్ పిల్లలందరికీ ఆమె అంటే ప్రాణం. నొప్పి అని చెబితే పోటీల టీమ్‌లోంచి తీసేస్తారేమోనని అందరికీ లోపల భయం ఉండేది. ఎవరికి నడుము పట్టినా స్ప్రే కొట్టుకోవడం, రాత్రికి వేడినీళ్ళ సంచి పెట్టుకోవడం, తెల్లారి మళ్ళీ మ్యాట్ మీదికి వెళ్ళడం మాకు అలవాటు.

ఒకరోజు అమ్మ అటక మీది డబ్బా అందుకోమంది. చేతులు పైకెత్తి కాస్త వెనక్కి వాలగానే నొప్పికి అక్కడే కూలబడ్డాను. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. కండరం పట్టిందని నొప్పి మాత్రలిచ్చి, కొన్నాళ్ళు రెస్ట్ అన్నారు. రెస్ట్‌లో ఉన్నంతకాలం బాగానే ఉంది. తిరిగి వెళ్ళిన రోజే, మొదటి ఫ్లిక్‌కే (వెనక్కి గెంతి చేతుల మీద వాలి లేచే ఐటమ్), అదే చోట అదే నొప్పి.

అప్పుడు నాన్న ఒక స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంగమన్నారు. ఆ పరీక్ష ఒక్కదాన్నే నమ్మలేమని కూడా ఆయనే చెప్పారు. ఆయన్ని ఆలోచింపజేసింది మేం చెప్పిన కథ. ఎదిగే వయసు పిల్ల, రోజూ పదే పదే వెనక్కి వంగే ఆట, వంగినప్పుడే నొప్పి, అదీ వారాల తరబడి. వెంటనే ఎంఆర్ఐ రాశారు. అయిదో నడుము పూసలో, అంటే ఎల్5లో, ఎడమ పక్క పార్స్ అనే భాగంలో ఎముక లోపల వాపు కనిపించింది. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే పగులు, మొదలవుతోందన్నమాట. ఈ దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుందట.

డాక్టర్ గారు ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ మా ముందు పెట్టి చూపించారు. ప్రతి పూసకీ వెనకవైపు పై కీలునీ కింది కీలునీ కలిపే సన్నటి ఎముక ఉంటుంది. అదే పార్స్. వెనక్కి వంగిన ప్రతిసారీ బరువు దాని మీద పడుతుంది. ఎముక రోజూ కొంచెం అరుగుతుంది, రోజూ తనను తాను బాగుచేసుకుంటుంది. అరిగే వేగం ఎక్కువైతే పగులు వస్తుంది. దాన్నే స్పాండిలోలైసిస్ అంటారు. ఎక్కువగా ఎల్5కే వస్తుంది, ఎందుకంటే పైన కదిలే నడుముకీ కింద కదలని కటి ఎముకలకీ మధ్య ఇరుక్కున్న పూస అది. రెండు పక్కలా పగిలితే పూస ముందుకి జారే ప్రమాదం కూడా ఉంది. మామూలు జనంలో వందకి ఆరుగురిలో ఈ పగులు కనిపిస్తుందని, 1976లో అమెరికాలో వందమంది ఆడపిల్లల జిమ్నాస్టులకి ఎక్స్‌రేలు తీస్తే 11 మందిలో కనిపించిందని చెప్పారు.

ఆ తర్వాత ఆయన అమ్మ వైపు తిరిగి, "పాపకి నెలసరి మొదలైందా అమ్మా?" అని అడిగారు. పక్కన నాన్న ఉండటంతో అమ్మ ఇబ్బందిగా తల అడ్డంగా ఊపింది. పదమూడేళ్ళకి రాకపోతే కంగారేమీ లేదు, పదిహేను దాటినా రాకపోతే మాత్రం తప్పకుండా చూపించాలి అన్నారు. రాత్రిపూట ఏం తింటావని నన్ను అడిగారు. ఒక చపాతీ అని చెప్పాను. లియోటార్డ్‌లో, అంటే జిమ్నాస్టులు వేసుకునే బిగుతు డ్రెస్సులో, పొట్ట కనపడకూడదని మేమందరం అంతే తినేవాళ్ళం. ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి లేకపోతే ఈస్ట్రోజన్ తగ్గుతుంది, దాంతో ఎముక బలం తగ్గుతుంది, నెలసరి ఆలస్యమవుతుంది అని ఓపిగ్గా వివరించారు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు కూడా పెట్టింది. రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువని తేలింది. పొద్దున స్కూల్లో, సాయంత్రం హాల్లో ఉండే పిల్లకి ఎండ ఎక్కడిది! ఆ రాత్రి నుంచి నా కంచంలోకి అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు తిరిగొచ్చాయి. జిమ్నాస్టిక్స్ నేర్పే ప్రతిచోటా ఆడపిల్లలతో ఈ సంగతి మొదటి నెలలోనే మాట్లాడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంట్లో మాత్రం గొడవే అయింది. "ఆడపిల్ల నడుము, రేపు పిల్లల్ని కనాల్సినది, ఇక చాలించండి" అని నాన్నమ్మ పట్టుబట్టింది. ఆవిడ భయం ఆవిడది. నాన్న అదే మాట డాక్టర్ గారిని అడిగారు. ఈ దశలో పట్టుకుంటే చాలామంది పిల్లలు ఆపరేషన్ లేకుండానే ఆటకి తిరిగి వెళ్తారని ఆయన చెప్పాకే ఇల్లు చల్లబడింది. బెల్టు వేయాలా వద్దా అనే విషయంలో డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయట. నాకు వేయలేదు.

దాదాపు మూడు నెలలు పరుగు లేదు, గెంతడం లేదు, వెనక్కి వంగడం అసలే లేదు. ఆ రోజుల గురించి పెద్దగా చెప్పేందుకేమీ లేదు. ఏడ్చాను, లెక్కలు చేసుకున్నాను, వాట్సాప్‌లో వచ్చే బ్యాచ్ వీడియోలు చూడటం మానేశాను.

అసలు కష్టం ఫిజియోలో మొదలైంది. ముందు పొట్ట లోపలి కండరాలు బిగించడం, డెడ్ బగ్, బర్డ్ డాగ్, సైడ్ ప్లాంక్. చూడటానికి తేలికే, సరిగ్గా చేస్తే కాళ్ళు వణికేవి. తర్వాత ఫిజియో అక్క నా పాత బ్రిడ్జ్ (చేతులూ పాదాలూ నేలకి ఆనించి వెనక్కి విల్లులా వంగడం) వీడియో తన ఫోన్‌లో ఆపి చూపించింది. అందరూ "రబ్బరు బొమ్మ" అని మెచ్చుకున్న బ్రిడ్జ్ అది. "ఇక్కడ చూడు నాన్నా, వీపు పైభాగం పలకలా ఉంది, భుజాలు తెరుచుకోలేదు. వంపంతా నడుము కింద ఒక్క చోటే వస్తోంది" అని వేలు పెట్టింది. సరిగ్గా నాకు నొప్పి వచ్చే చోటే.

అక్కణ్ణుంచి నెలల పాటు భుజాలు, వీపు పైభాగం, తొడల ముందు కండరాల మీదే పని. ఫోమ్ రోలర్ మీద వీపు ఆనించి ఛాతీ తెరవడం, కర్ర పట్టుకుని చేతులు తల వెనక్కి తీసుకెళ్ళడం, ఒక మోకాలు నేలకి ఆనించి పిరుదు బిగించి తుంటి ముందు భాగం సాగదీయడం. బ్రిడ్జ్ మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పాదాలు ఎత్తుగా ఒక బ్లాక్ మీద పెట్టించింది. అలా చేస్తే బరువు భుజాల మీదికి వస్తుంది, నడుము మీద తగ్గుతుంది. భుజాలు మణికట్లు దాటి ముందుకి వెళ్ళాలి. మొదటిసారి నడుములో ఏమీ అనిపించకుండా, చంకల దగ్గర మాత్రం సాగినట్టు అనిపించింది. అప్పుడు నాకు కలిగిన ధైర్యం రిపోర్టు చూసినప్పుడు కూడా కలగలేదు.

తిరిగి వెళ్ళడం మెట్లు మెట్లుగా జరిగింది. ముందు హ్యాండ్‌స్టాండ్, బార్స్ మీద నిటారు శరీరంతో చేసేవి, ఆ తర్వాత ముందుకి దొర్లేవి, మెత్తటి మ్యాట్ మీద ల్యాండింగులు. వాక్‌ఓవర్, ఫ్లిక్ అన్నిటికంటే చివర. డాక్టర్ గారు రాసిచ్చిన కాగితం నాన్న కోచ్ సర్‌కి ఇచ్చారు. సర్ దాన్ని గోడకి అంటించి, వెనక్కి వంగే ఐటమ్స్ రోజుకి ఇన్నే అని నాకు లెక్క పెట్టారు. బ్రిడ్జ్‌లో పిల్లల భుజాలు పట్టి నొక్కడం కూడా అప్పట్నుంచి ఆపేశారు. అందుకు ఆయనంటే నాకు చాలా గౌరవం.

ఇప్పుడు కాలేజీ చదువుతూ సాయంత్రాలు చిన్నపిల్లల బ్యాచ్‌కి సాయం చేస్తున్నాను. నడుము నొప్పి అని ఏ పిల్ల చెప్పినా ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటాను, వెనక్కి వంగినప్పుడే వస్తుందా అని అడుగుతాను. అవునంటే ఆ రోజు నుంచే వంగేవన్నీ బంద్. రెండు మూడు వారాలు దాటినా ఉంటే ఎక్స్‌రే బాగుందన్నారని ఊరుకోకుండా, ఎంఆర్ఐ కావాలేమో స్పోర్ట్స్ డాక్టర్‌ని అడగమని వాళ్ళ అమ్మలకి చెబుతాను. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, కాలు తిమ్మిరెక్కడం లేదా బలం తగ్గడం, మూత్రం పట్టు తప్పడం లాంటివి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. వార్మప్‌లో పిల్లల చేత భుజాలు తెరిచే కర్ర వ్యాయామం నేనే దగ్గరుండి చేయిస్తున్నాను, వాళ్ళతో పాటు నేనూ చేస్తాను.